లాయరమ్మ చదువు ఖర్చు

నేను ఇంటర్ రెండో ఏడాది చదువుతుండగానే మా ఊరు నన్ను లాయరమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. అప్పటికి కోర్టు లోపల ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. మార్కాపురంలో బస్సు దిగి నడిచేటప్పుడు ఆ గేటు చూసేదాన్ని, అంతే. అయినా కుళాయి దగ్గర బిందె పెడితే చాలు, "జరగండే, లాయరమ్మ వచ్చింది" అనేవాళ్లు. కొందరు వేళాకోళానికి, కొందరు నిజంగానే. ఎవరు ఎందుకన్నా నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎందుకంటే ఆ పేరు నాకు ఊరికే రాలేదు. మా నాయనకు బదులుగా వచ్చింది.

మా నాయన పేరు మాల్యాద్రి. గొర్రెలు మేపేవాడు. మా ఊరు యర్రగొండపాలెం దాటాక అడవి అంచున ఉంటుంది. అడవిపందులు పడి మొక్కజొన్నంతా కుమ్మేస్తున్నాయని వీరభద్రయ్య తన చేని చుట్టూ బైండింగ్ తీగ లాగి, బోరు మోటారుకు వచ్చే కరెంటును దానికి తగిలించేవాడు. వీరభద్రయ్య మా ఊళ్లో పెద్ద ఆసామి, కంభంలో ఎరువుల దుకాణం కూడా ఉంది. తీగ సంగతి ఊరందరికీ తెలుసు. తెల్లవారగానే కరెంటు తీసేస్తాడని కూడా తెలుసు. ఒకరోజు తీయడం మరిచిపోయాడు. తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ మా నాయన పొద్దున్నే ఆ గట్టు దాటాడు. మా అమ్మ పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి గొర్రె గట్టు మీద గడ్డి మేస్తూ ఉంది. మా నాయన తీగ మీద పడి ఉన్నాడు.

పోలీసుల దాకా పోలేదు. మా మేనమామ గోపాలకృష్ణ, ఇంకా కొందరు పెద్దమనుషులు అమ్మను చుట్టుముట్టారు. "పోయినోడు ఎట్లా రాడు. ఉన్నోళ్ల సంగతి చూసుకోవాల ఎల్లమ్మా. కోర్టుల చుట్టూ ఎవురు తిరుగుతారు?" అన్నారు. పాము కరిచిందని పంచాయతీ ఆఫీసులో చెప్పమన్నారు. అమ్మ చెప్పింది. సాయంత్రానికల్లా పూడ్చిపెట్టారు.

నాలుగో రోజు బడి వరండాలో కూర్చున్నారు. మా వైపు ఇలాంటి పంచాయితీలు కొత్తేం కాదు. చావుకు గొర్రెలు ఇప్పిస్తారు, పొలం ఇప్పిస్తారు, తిట్టుకుని మళ్లీ ఒకే బజారులో తిరుగుతారు. వీరభద్రయ్య తల వంచుకుని రోడ్డు పక్క పొలం ముక్క రాసిస్తానన్నాడు. పెద్దమనుషులు బాగుంది బాగుంది అని తలలూపారు. అప్పుడు మా అమ్మ లేచింది.

"పొలం వద్దన్నా. నా కూతుర్ని లాయరు చదివించు. నల్లకోటు వేసుకునే దాకా ఖర్చు నీదే."

ఎవడో నవ్వాడు. వీరభద్రయ్య మొహంలోకి మాత్రం రక్తం తిరిగి వచ్చింది. పొలం పోలేదు, పోలీసు రాలేదు, పైగా పుణ్యం. "అంతేనా ఎల్లమ్మా? నా బిడ్డ అనుకొని చదివిస్తా పో" అన్నాడు. ఆ పూట నుంచే నేను లాయరమ్మను.

ఇంటికొచ్చాక అమ్మ తలుపు గడియ పెట్టి నాయన గొంగడి విప్పింది. లోపల మూరెడు తీగ ఉంది. కరెంటు తీయించాక నాయన చేతి కింద నుంచి తెంపుకొచ్చిందట.

"ఇది దాచిపెడతా. నువ్వు కోటు వేసుకున్న రోజు దీన్ని పట్టుకొనిపోయి వాని మీదనే కేసు వెయ్యాల. బయటి లాయర్ని పెట్టుకుంటే వాడు కొనేస్తాడు. కడుపున పుట్టినదాన్ని ఎట్ల కొంటాడు?"

ఆ మాట విన్నప్పుడు నాకు మా అమ్మంత తెలివైన మనిషి ఈ భూమి మీద లేదనిపించింది. మూడేళ్లకు పైగా అలాగే అనుకున్నాను.

ఒంగోలులో ఐదేళ్ల లా కోర్సులో చేరాను. హాస్టలు ఫీజు కట్టిన ప్రతిసారీ వీరభద్రయ్య ఫోన్ చేసేవాడు. "బాగా చదువుతున్నావా అమ్మా?" అనేవాడు. "ఆఁ, పెదనాయనా" అనేదాన్ని. ఫోన్ పెట్టేసి నోరు కడుక్కునేదాన్ని. తోటి పిల్లలు పిచ్చిదనుకునేవాళ్లు. అనుకోనీ అనుకున్నాను. నా నోరు, నా నీళ్లు.

మూడో ఏడాదిలో క్రిమినల్ ప్రొసీజర్ మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం, అన్నం తిని సగం క్లాసు కునికిపాట్లు పడుతుంటే, మాస్టారు బోర్డు మీద గడువుల గురించి రాస్తున్నారు. చిన్న శిక్షలు పడే నేరాలకు కాలపరిమితి ఉంటుంది, ఆ కాలం దాటితే కోర్టు కేసు తీసుకోదు అన్నారు. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోయిన నేరానికి రెండేళ్ల వరకే శిక్ష, కాబట్టి దానికి గడువు మూడేళ్లు అన్నారు. నేను బల్ల కింద వేళ్లు మడిచి లెక్కపెట్టాను. మా నాయన పోయి మూడేళ్లు నిండి అప్పటికి నాలుగు నెలలు.

లేచి నిలబడ్డాను. "సార్, ఇది మొదటి ఏడాదిలోనే ఎందుకు చెప్పరు?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు. "మొదటి ఏడాది ఎకనామిక్స్ చదవాలి కదమ్మా" అన్నారు.

ఆ రోజు నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. మాస్టారి మీద వచ్చింది, సిలబస్ రాసినవాళ్ల మీద వచ్చింది, నవ్విన పిల్లల మీద వచ్చింది. అందరికంటే ఎక్కువ మా అమ్మ మీద వచ్చింది. కోర్టు తన కోసం కూర్చుని ఎదురుచూస్తుందనుకుంది పిచ్చితల్లి. కూతురు లాయరయ్యేలోపు కేసు చచ్చిపోతుందని ఆమెకు ఎవరు చెప్పాలి? చదువు మానేద్దామనుకున్నాను. మానేస్తే నాయన ఊరికే పోయినట్టు అవుతుంది. మానలేదు.

సెలవులకు ఇంటికి వెళ్తే అమ్మ గొంగడి విప్పి తీగకు కొబ్బరినూనె రాస్తూ కనిపించేది. తుప్పు పడితే జడ్జి ఒప్పుకోడేమోనని ఆమె భయం. నేను మింగలేక కక్కలేక దూలం వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

డిగ్రీ అయింది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైంది. మార్కాపురం కోర్టు ఎదురు సందులో మురళీధర్ గారి ఆఫీసులో జూనియర్‌గా చేరాను. ఆయన నోరు కరుకు, మనసు నిమ్మళం. చేరడానికి వెళ్లిన రోజే నన్ను ఎగాదిగా చూసి, "నీ కోపాన్ని కోర్టు గేటు బయట సైకిల్ స్టాండులో పెట్టి రావాల. మళ్లా పోయేటప్పుడు తీసుకో, ఎవురూ ఎత్తుకుపోరు" అన్నారు. వకాలత్ ఎలా రాయాలి, బెంచి క్లర్కుతో ఎలా మాట్లాడాలి, జడ్జి తిట్టినా ఎలా నవ్వు మొహం పెట్టాలి, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకోవాలనుకున్నాను.

కోటు వేసుకున్న మొదటిరోజే అమ్మ ఆఫీసుకు వచ్చింది. నేను రమ్మనలేదు. చంకలో గొంగడి చుట్ట. నన్ను చూసి గడపలోనే ఆగిపోయింది. కోటు చేతులు తడిమింది, మెడ దగ్గర తెల్లపట్టీ సరిచేసింది. కళ్ల నిండా నీళ్లు. మురళీధర్ గారు కుర్చీ చూపించినా కూర్చోకుండా గొంగడిని బల్ల మీద విప్పేసింది.

"అయ్యా, ఇదో, ఇదే తీగ. ఇప్పుడు నా బిడ్డ లాయరు. ఈ పొద్దే కేసు వేయించండి."

ఆయన అంతా విన్నారు. అడ్డు పడి చెబుదామనుకున్నాను, ఆయన చెయ్యెత్తి ఆపారు. విన్నాక కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"గడువు దాటిపోయింది తల్లీ. ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడగొచ్చు. కాని కారణం ఏమని రాయాల? ముద్దాయి ఖర్చుతో నా కూతురు లాయరు చదువు పూర్తి చేసే దాకా ఆగినాను అని రాయాలా?"

అమ్మకు అర్థం కాలేదు. నా వైపు చూసింది. ఆయన మళ్లీ చెప్పారు. పెద్ద సెక్షన్ కింద అయితే గడువు ఉండదు, కాని దానికి ఆ తీగ తగిలితే మనిషి చస్తాడని వీరభద్రయ్యకు తెలుసని చూపించాలి. శవపరీక్ష జరగలేదు. ఇప్పుడు తవ్వినా ఎముకల్లో కరెంటు కనపడదు. అన్నిటికీ మించి, పాము కరిచిందని చెప్పింది మా అమ్మే.

"నీకు తెలుసా?" అంది అమ్మ నన్ను.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మూడో ఏడాదిలో."

అమ్మ చాలాసేపు నా కోటు వైపే చూసింది. మొహం వైపు చూడలేదు. "అయితే ఆ నాలుగో రోజు నేను మీ నాయన్ని అమ్మేసినాను" అంది. కాదమ్మా అన్నాను. ఆ మాట నాకే అబద్ధంలా వినిపించింది. ఆమె గొంగడి చుట్టుకుని బస్టాండుకు వెళ్లిపోయింది. మధ్యాహ్నం తినడానికి ఇద్దరికీ కలిపి తెచ్చిన సద్ది డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత రెండేళ్లు మేము మాట్లాడుకున్నాం, కాని గొర్రెల గురించే మాట్లాడుకున్నాం. ఏ గొర్రె ఈనింది, దేనికి కుంటు వచ్చింది, అంతవరకే. నేను బెయిలు పిటిషన్లు రాశాను, వాయిదాలు తీసుకున్నాను, ఇంకెవరి గొడవలోనో నా కోపం ఖర్చు పెట్టుకున్నాను. వీరభద్రయ్య ఒక పంటకు తీగ కట్టడం మానేసి, మరుసటి ఏడాది నుంచి మళ్లీ కట్టాడని విన్నాను. ఊళ్లో ఎవరూ అడగలేదు. లెక్క తీరిపోయింది కదా అని.

ఒకరోజు పొద్దున గోపాలకృష్ణ మామ ఫోన్ చేశాడు. "మన ఏడుకొండలు పోయినాడు పాపా. అదే గట్టు, అదే తీగ. వీరమ్మ నిన్నే రమ్మంటుంది. తొందరగా రా" అన్నాడు.

ఏడుకొండలు మామ మా నాయనతో కలిసి మంద తోలినవాడు. వీరమ్మత్త ఆయన భార్య. కోటు కూడా తీయకుండా మురళీధర్ గారి మోటారుసైకిల్ అడిగి తీసుకుని వెళ్లాను. నేను చేరేసరికి శవం వాకిట్లో ఉంది. గొయ్యి తవ్వడానికి మనుషులు పోయారు. బడి వరండాలో మళ్లీ అదే కుర్చీలు, అదే పెద్దమనుషులు. మధ్యలో వీరభద్రయ్య, జుట్టు మాత్రం తెల్లబడింది. నన్ను చూసి చెయ్యెత్తాడు. "గోపిక నా బిడ్డ లాంటిది. ఆమె ఎంత చెప్తే అంత" అన్నాడు. నా కోపాన్ని ఏ స్టాండులోనూ పెట్టి రాలేదు ఆ రోజు. అయినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే వీరమ్మత్త నా రెండు చేతులూ పట్టేసుకుంది.

"లాయరమ్మా, నువ్వే మాట్లాడాల. మీ అమ్మకు ఇచ్చినట్లే నాకూ ఇయ్యమను. మా నాగజ్యోతిని నర్సు చదివించమను. పొలం వద్దు, ఏమీ వద్దు. మీ అమ్మ అడిగింది కాబట్టే కదా నువ్వు ఈ పొద్దు ఇట్ల నిలబడినావు."

పెద్ద కోర్టు ఒకసారి ఇచ్చిన తీర్పు కింది కోర్టులన్నిటికీ దారి అవుతుందని కాలేజీలో చదువుకున్నాను. మా ఊరికి ఆ తీర్పు నేనే. కోటు వేసుకుని, కాళ్లూ చేతులతో, వాళ్ల ముందు నిలబడి ఉన్నాను. ఇక ఆ గట్టు మీద ఎంతమంది పోయినా ఫరవాలేదు, ఇంటికొకరు చదువుకుంటారు.

"అత్తా, పూడ్చొద్దు. పోలీసులు రావాల. శవపరీక్ష జరగాల. మేము చేసిన తప్పు నువ్వు చేయొద్దు."

వీరమ్మత్త నా చేతులు వదిలేసింది. "తప్పా? నీ కడుపు నిండింది కాబట్టి నీతులు చెప్తున్నావు. నువ్వు తిన్న కంచంలో నా బిడ్డను తిననియ్యవా?"

నేను ఫోన్ తీసి పోలీస్ స్టేషన్‌కు చేశాను. గోపాలకృష్ణ మామ ఫోన్ లాక్కోబోయాడు. "ఏందే ఇది, ఊరి పరువు బజారున పెడతావా?" అని అరిచాడు. "పరువు అక్కడ వాకిట్లో పండుకొని ఉంది, పోయి చూడు మామా" అన్నాను. జీపు వచ్చేదాకా నేను శవం పక్కనే కూర్చున్నాను. ఆడవాళ్లు నన్ను తిడుతూనే ఏడ్చారు.

ఎస్సై కుర్రవాడు. ఏం జరిగిందని అడిగాడు. పాము అని ఎవరో గొణిగారు. అప్పుడు గుంపు వెనక నుంచి మా అమ్మ వచ్చింది, చంకలో గొంగడి. ఎక్కడికి వెళ్తోందో నాకు అర్థమైంది. అడ్డం వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, ఆలోచించుకో. నువ్వు అబద్ధం చెప్పినావని, బేరం చేసినావని రాసుకుంటారు. కోర్టులో అందరి ముందరా అడుగుతారు."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ" అంది. నన్ను పక్కకు జరిపి గొంగడిని ఎస్సై కాళ్ల దగ్గర విప్పింది. "రాసుకో నాయనా. ఇంతకు ముందర నా మొగుడు ఇదే తీగకు చచ్చినాడు. పాము అని నేను అబద్ధం చెప్పినాను. తీగకు మనిషి చస్తాడని ఈ వీరభద్రయ్యకు అప్పుడే తెలుసు. బడి వరండాలో నా ఎదురుగా తల వంచుకొని కూర్చున్నాడు. తెలిసీ మళ్లా కట్టినాడు."

మురళీధర్ గారి బల్ల దగ్గర విన్న ఆ ఒక్క మాట, తెలుసని చూపించాలి అన్న మాట, ఆమె రెండేళ్లు మోసింది. నేను మాత్రం అంత దూరం ఆలోచించలేదు.

కేసు పెద్ద సెక్షన్ కిందే పెట్టారు. ఫిర్యాదు ఇచ్చింది నేనే కాబట్టి ఆ కేసులో నేను లాయరును కాదు, సాక్షిని. ఐదేళ్లు చదివి మా అమ్మ కోరుకున్న కేసులో ఒక్క ప్రశ్న వేసే హక్కు కూడా నాకు లేకపోయింది. మార్కాపురం కోర్టులో విచారణ మొదలయ్యాక ముందుగా నా సాక్ష్యం తీసుకున్నారు. తర్వాత వాయిదాలో వీరమ్మత్త బోను ఎక్కింది. తీగ చూడలేదంది. కరెంటు సంగతి తెలియదంది. తన మొగుడు ఏ గట్టున పడి ఉన్నాడో కూడా గుర్తు లేదంది. నాగజ్యోతి అప్పటికే ఒంగోలులో నర్సింగ్ చదువుతోంది. ఫీజు ఎవరు కడుతున్నారో నేను అడగలేదు. ఆమెను తప్పుపట్టే ముఖం నాకు లేదు. మనసులో తిట్టుకున్నాను, ఆపలేకపోయాను.

మిగిలింది మా అమ్మ. ఆమె బోను ఎక్కిన రోజు నేను వెనక వరుసలో లాయర్ల మధ్య కూర్చున్నాను. చూసింది చూసినట్టు చెప్పింది. బల్ల మీద పెట్టిన తీగను చూపిస్తే, అదేనంది. తర్వాత వీరభద్రయ్య లాయరు లేచాడు. పేరున్న మనిషి, గొంతు మెత్తన. పాము అని చెప్పింది నువ్వే కదా అంటే ఔనంది. బేరం చేసుకున్నావు కదా అంటే ఔనంది. అప్పుడతను వెనక్కి తిరిగి, అందరికీ కనిపించేలా నా వైపు వేలు చూపించాడు. నా చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"ఆమె నీ కూతురు కదా. ఆమెకు ఈ కోటు వచ్చేదాకా చదువు ఖర్చంతా ఎవరు పెట్టినారో జడ్జిగారికి చెప్పమ్మా."

అమ్మ బోను కర్రను గట్టిగా పట్టుకుంది.

"మా ఆయన."

"మీ ఆయన అప్పటికే చనిపోయినాడు కదమ్మా?"

"ఔను నాయనా. చనిపోయినాడు. అందుకే చదివింది."

అతను కాగితాలు తిరగేసి, ప్రశ్నలు అయిపోయాయన్నాడు. జడ్జిగారు అమ్మ జవాబును ఉన్నది ఉన్నట్టు రాయమని టైపిస్టుకు చెప్పారు. అమ్మ బోను దిగి, ఎన్నో ఏళ్ల తర్వాత, నా కోటు వైపు కాకుండా నా మొహం వైపు చూసింది. నేను తల దించుకోలేదు.